ఈపీఎస్-95 పింఛనుదారుల సంఘం: పింఛను, వైద్యం కోసం ఎవరిని ఏమని అడగాలి?

నూలుమిల్లు పింఛనుదారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నూలుమిల్లులు, జూట్ మిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన కార్మికుల సంఘం. సభ్యులంతా ఈపీఎస్-95 (పీఎఫ్ సంస్థ నడిపే 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుదారులే. ఎక్కువమందికి నెలకు వచ్చేది వెయ్యికీ మూడు వేలకీ మధ్య. కొందరికి వెయ్యి కూడా రావడం లేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉండేది, దిగిన రోజుతో అదీ పోయింది. బీపీ, షుగరు మాత్రలకే పింఛను సగం ఖర్చవుతోంది.

సంఘం తరఫున ఏటా వినతిపత్రం ఇస్తున్నాం. కనీస పింఛను రూ.7,500 చేసి డీఏ (కరువు భత్యం) కలపాలి, ఉచిత వైద్యం ఇవ్వాలి, ఫలానా సభ్యుడికి ఆగిపోయిన పింఛను విడుదల చేయాలి, ఫలానా సభ్యుడి భార్యకు వితంతు పింఛను మంజూరు చేయాలి అని అన్నీ ఒకే కాగితం మీద రాసి పీఎఫ్ కమిషనర్‌కు, కలెక్టర్‌కు, ఎంపీకి ఇస్తాం. "పై అధికారులకు పంపాము" అనే జవాబు తప్ప ఏమీ రావడం లేదు.

అడగదలచుకున్నవి ఇవి. ఇప్పుడున్న రూల్స్ ప్రకారమే మావాళ్లకు రావలసి ఉండి రానివి ఏమైనా ఉన్నాయా? ఉంటే ఎలా పట్టుకోవాలి? వైద్యానికి 70 ఏళ్ల లోపువారికి దారేమైనా ఉందా? కనీస పింఛను లాంటి పెద్ద డిమాండును ఎవరి దగ్గర ఎలా పెడితే విలువ ఉంటుంది?

పీఎఫ్ కాగితాలు

నూలుమిల్లు పింఛనుదారు గారూ, ముందు మీ వినతిపత్రాన్ని విడగొట్టండి. కనీస పింఛను పెంచే అధికారం ప్రాంతీయ కమిషనర్‌కు లేదు. మీ కాగితంలో మొదటి పేరా అదే కాబట్టి, ఆయన ఆఫీసు మొత్తం కాగితాన్ని పైకి పంపి చేతులు దులుపుకుంటుంది. ఆగిన పింఛను, వితంతు పింఛను ఆయన చేయగలిగినవే. అవి కూడా ఆ కాగితంతో పాటే ఢిల్లీ వెళ్లిపోతున్నాయి. ఒక్కో మనిషి సమస్యకు ఒక్కో అర్జీ, దాని మీద పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, అడిగేది ఒకే ఒక్క పని. విధాన డిమాండ్లకు వేరే కాగితం, వేరే చిరునామా.

"రావలసి ఉండి రానివి" చాలానే ఉంటాయి. సంఘం ఆఫీసులో ఒక రోజు కూర్చుని ప్రతి సభ్యుడి పీపీఓ, బ్యాంకు పాస్‌బుక్కు, ఉంటే సర్వీసు వివరాలు ముందేసుకుని చూడండి. ఏం చూడాలో చెబుతాను.

మొదట, వెయ్యి కన్నా తక్కువ వస్తున్నవారు. 2014 సెప్టెంబరు 1 నుంచి కనీస పింఛను రూ.1,000. అంతకన్నా తగ్గిందంటే సాధారణంగా మూడు కారణాల్లో ఒకటి: 58 నిండకముందే ఎర్లీ పింఛను తీసుకోవడం, కమ్యుటేషన్ (పింఛనులో కొంత అమ్ముకోవడం), లేదా రిటర్న్ ఆఫ్ క్యాపిటల్ ఆప్షన్ (తక్కువ పింఛను తీసుకుని, పోయాక నామినీకి పెద్ద మొత్తం వచ్చేలా ఎంచుకోవడం). ఎర్లీ పింఛనుకు 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. 2008 సెప్టెంబరుకు ముందు తీసుకున్నవారికి 3 శాతం. ఆ కోత జీవితాంతం ఉంటుంది, దాని మీద పోట్లాడి లాభం లేదు.

కమ్యుటేషన్ అలా కాదు. ఇక్కడే సంఘం గట్టిగా పనిచేయాలి. 2008 సెప్టెంబరు 25 దాకా పింఛనులో మూడో వంతు వరకు అమ్ముకుని, దానికి 100 రెట్లు ఒకేసారి తీసుకునే వీలుండేది. 1,200 పింఛనులో 400 అమ్ముకుంటే 40,000 చేతికి వచ్చి, నెలకు 800 మిగిలేది. ఆ 400 జీవితాంతం కోస్తూనే ఉండేవారు. 2020 ఫిబ్రవరి 20 నాటి నోటిఫికేషన్‌తో ఇది మారింది. కమ్యుటేషన్ తేదీ నుంచి 15 ఏళ్లు నిండగానే పూర్తి పింఛను పునరుద్ధరించాలి. లెక్క చూసుకోండి: చివరి వ్యక్తి 2008 సెప్టెంబరులో అమ్ముకున్నా 2023 సెప్టెంబరుకు 15 ఏళ్లు నిండిపోయాయి. అంటే ఈ రోజున ఏ ఒక్కరి పింఛనులోనూ కమ్యుటేషన్ కోత ఉండకూడదు. పీపీఓలో అసలు పింఛను, కమ్యూట్ చేసిన మొత్తం, మిగిలిన పింఛను మూడూ విడివిడిగా ఉంటాయి. పాస్‌బుక్కులో పడుతున్నది ఇంకా ఆ మూడో అంకెకే సరిపోతుంటే వెంటనే అర్జీ పెట్టండి. పునరుద్ధరణ తేదీ నుంచి బకాయితో సహా అడగండి.

రిటర్న్ ఆఫ్ క్యాపిటల్ తీసుకున్నవారి సంగతి వేరు. వారికి పింఛను తిరిగి పెరగదు. కానీ ఆ కోతకు బదులుగా, పింఛనుదారు చనిపోయాక నామినీకి పెద్ద మొత్తం రావాలి. మొదటి ఆప్షన్‌లో అయితే బతికినంతకాలం 90 శాతం పింఛను, పోయాక అసలు పింఛనుకు 100 రెట్లు నామినీకి. ఈ ఆప్షన్ కూడా 2008లోనే ఎత్తేశారు కాబట్టి ఆ తరం పోయేసరికి ఇంట్లో పిల్లలకు దీని ఊసే తెలియదు. అడిగేవాళ్లు లేక ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. చనిపోయిన సభ్యుల పాత పీపీఓలు కూడా తెప్పించి చూడండి.

తరువాత సర్వీసు లెక్క. పింఛను సూత్రం అందరికీ తెలిసిందే: పింఛను జీతం (పింఛనుకు లెక్కలోకి తీసుకునే సగటు జీతం) × పింఛను సర్వీసు ÷ 70. అసలు తేడాలు వచ్చేది సర్వీసు దగ్గర. ఆరు నెలలు, ఆ పైన ఉంటే ఒక ఏడాదిగా లెక్కేయాలి, కనుక 9 ఏళ్ల 6 నెలలు ఉన్నా 10 ఏళ్ల అర్హత వచ్చినట్టే. 20 ఏళ్లు, ఆపైన ఉంటే 2 ఏళ్ల వెయిటేజీ (అదనపు సర్వీసు) కలవాలి. మిల్లు మారినప్పుడు పాత ఖాతా సర్వీసు కలవకపోవడం ఎక్కువగా కనిపించే లోపం. పీఎఫ్ డబ్బు బదిలీ అవుతుంది, సర్వీసు మాత్రం పాత నంబరు కిందే ఉండిపోతుంది. ఆ రెండు మూడేళ్లు తగిలి 20 దాటాల్సినవాళ్లు 18 దగ్గర ఆగిపోయి వెయిటేజీ కూడా పోగొట్టుకుంటారు. లాకౌట్, లేఆఫ్ రోజులను చందా లేని రోజులుగా రాసి సర్వీసులోంచి తీసేస్తారు. ఆ రోజుల సంఖ్యను మిల్లు జీతాల రికార్డుతో సరిచూడాలి.

1995 నవంబరు 16కు ముందే 1971 నాటి ఫ్యామిలీ పెన్షన్ పథకంలో ఉన్నవారికి ఆ పాత సర్వీసుకు విడిగా పాస్ట్ సర్వీస్ బెనిఫిట్ కలవాలి. మీ మిల్లు కార్మికుల్లో పెద్దవాళ్లంతా ఈ కోవలోకే వస్తారు. పీపీఓ లెక్కలో ఆ గడి ఖాళీగా ఉంటే వదలొద్దు.

2014 సెప్టెంబరు తరువాత దిగినవారి పింఛను రెండు ముక్కలుగా కట్టాలి. 2014 ఆగస్టు 31 దాకా చేసిన సర్వీసుకు పింఛను జీతం 6,500 పరిమితి, తరువాతి సర్వీసుకు 15,000 పరిమితి. ఉదాహరణకు, 2000 సెప్టెంబరు 1న చేరి 2024 ఆగస్టు 31న 58 నిండి దిగిన వ్యక్తి, జీతం పరిమితికి పైనే ఉంది అనుకుందాం. మొదటి 14 ఏళ్లకు 6,500 × 14 ÷ 70 = 1,300. తరువాతి 10 ఏళ్లకు 15,000 × 10 ÷ 70 = 2,143. రెండూ కలిపి 3,443, దీని మీద వెయిటేజీ. అంతకు తక్కువగా ఉంటే ఎక్కడ తగ్గిందో లెక్క కాగితం రాతపూర్వకంగా అడగండి. జీతం సగటు ఇప్పుడు చివరి 60 నెలలది, 2014 సెప్టెంబరుకు ముందు 12 నెలలది.

అర్జీ వేయడానికి ఈపీఎఫ్ఐజీఎంఎస్ అనే పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్ ఉంది. పీపీఓ నంబరుతోనే నమోదు చేయండి. "ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మూసేసి, లోపల మాత్రం "ఆఫీసును సంప్రదించండి" అని రాసే అలవాటు ఉంది. అలాంటప్పుడు పాత రిజిస్ట్రేషన్ నంబరు రాస్తూ మళ్లీ వేయండి. ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" పేరుతో పీఎఫ్ అధికారులు కూర్చుంటారు. 27 సెలవైతే మరుసటి పనిదినం. అక్కడికి ఇరవైమంది గుంపుగా వెళ్లి నినాదాలు ఇస్తే ఫొటో వస్తుంది, పని కాదు. కాగితాలు పూర్తిగా ఉన్న కేసులు కొన్ని పట్టుకుని వెళ్లి, ఒక్కోదానికి అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి.

ఇంకొక మాట. ఈపీఎస్ పథకంలోనే 17-ఎ పేరా ఉంది. అన్ని విధాలా పూర్తిగా ఉన్న క్లెయిమును 20 రోజుల్లో పరిష్కరించాలి. లోపం ఉంటే అదీ 20 రోజుల్లోనే రాతపూర్వకంగా చెప్పాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టవచ్చు, దాన్ని కమిషనర్ జీతంలోంచి కోయవచ్చు. అర్జీ చివర ఈ పేరా నంబరు రాస్తే ఫైలు కదిలే తీరే మారుతుంది.

వైద్యసాయం

వైద్యం గురించి నేను చెబుతాను. ఈపీఎస్-95లో వైద్యానికి ఒక్క రూపాయి కూడా లేదు. అందుకే పక్కనున్న పథకాల్లోంచి తెచ్చుకోవాలి.

70 లోపువారికి మొదటి దారి ఈఎస్ఐయే. దిగిన రోజుతో పోయిందని మీరు రాశారు కానీ, ఈఎస్ఐ సెంట్రల్ రూల్స్‌లో 61వ రూల్ ప్రకారం కనీసం 5 ఏళ్లు ఈఎస్ఐ పరిధిలో ఉండి, రిటైర్‌మెంటు వయసు నిండో, వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకునో దిగినవారు నెలకు రూ.10 చొప్పున ఏడాదికి రూ.120 ముందుగా కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. డిస్పెన్సరీలో మందులు కూడా ఇందులోకే వస్తాయి. మీ సభ్యులకు నెలనెలా డబ్బు పోతున్నది ఆ మందులకే కదా. ఇంత మేలు ఉన్నా దిగే రోజున యాజమాన్యం చెప్పదు, యూనియన్ చెప్పదు.

కావలసినవి పాత ఈఎస్ఐ ఇన్సూరెన్స్ నంబరు, యాజమాన్యం ఇచ్చే రిటైర్‌మెంటు ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్, ఫొటోలు. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఇక్కడ తేడా కొట్టేది ఒకే ఒక మాట: యాజమాన్యం "రాజీనామా" అని రాస్తే ఈ రూల్ వర్తించదు. "పదవీ విరమణ" అనో "వీఆర్‌ఎస్" అనో ఉండాలి. పీఎఫ్ రికార్డులో దిగిన కారణం కూడా అదే ఉండేలా చూసుకోండి. ఇంకా రిటైర్ కాని కార్మికులకు ఇప్పుడే చెప్పండి. ఏటా గడువు ముగియకముందే మళ్లీ 120 కట్టాలి, మరిచిపోతే ఆసుపత్రిలో కార్డు పనిచేయదు. సంఘం ఒక రిజిస్టరు పెట్టి సభ్యుల గడువు తేదీలు రాసుకోవడం మంచిది. దరఖాస్తు తీసుకోకుండా కౌంటర్లోనే తిప్పి పంపితే, కారణం రాసి ఇమ్మని అడగండి. నోటి మాట మీద అప్పీలు చేయలేం.

జీతం ఈఎస్ఐ పరిమితి దాటిపోయి, దిగేనాటికి పరిధిలో లేనివారు చాలామంది ఉంటారు. పరిమితి 2017 జనవరి నుంచి రూ.21,000. ఇలాంటి వారి కోసం 2024 ఫిబ్రవరిలో ఈఎస్ఐ కార్పొరేషన్ సడలింపు నిర్ణయం తీసుకుంది: 2012 ఏప్రిల్ 1 తరువాత కనీసం 5 ఏళ్లు పరిధిలో ఉండి, 2017 ఏప్రిల్ 1 తరువాత నెల జీతం రూ.30,000 లోపు ఉండగా రిటైరైనవారికి. ఆ తేదీల్లోకి వచ్చే సభ్యులుంటే బ్రాంచి ఆఫీసులో ఈ నిర్ణయాన్ని ప్రస్తావిస్తూ రాతపూర్వకంగా అడగండి.

70 నిండినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆదాయంతో పని లేదు, రేషన్ కార్డుతో పని లేదు, ఆధార్‌లో వయసు 70 ఉంటే చాలు. ఏడాదికి రూ.5 లక్షల దాకా ఉచిత వైద్యం. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ఈఎస్ఐ ఉన్నా, ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నా ఇదీ తీసుకోవచ్చు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఈకేవైసీతో కార్డు వస్తుంది, హెల్ప్‌లైన్ 14555.

ఆధార్ పుట్టిన తేదీ విషయంలో జాగ్రత్త. పాత కార్మికుల్లో చాలామందికి జనవరి 1 అనో జులై 1 అనో వేసేసి ఉంటుంది, పీఎఫ్‌లో ఇంకొకటి ఉంటుంది. కార్డు కోసమని ఆధార్‌లో ఒక్కటే మార్చేస్తే రేపు పీఎఫ్ రికార్డుతో పొసగదు. ఏ ఆధారంతో మారుస్తున్నారో అదే ఆధారంతో రెండు చోట్లా మార్పించండి.

వయ వందన అయినా, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ అయినా, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ అయినా ఆసుపత్రిలో చేరిన జబ్బుకే. వయ వందనలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తరువాత 15 రోజుల మందులు కలుస్తాయి, అంతే. ఆసుపత్రికి వెళ్లగానే బిల్లింగ్ కౌంటరుకు కాదు, ఆరోగ్యమిత్ర డెస్కుకు వెళ్లాలి. ముందస్తు అనుమతి వారే పెడతారు. ముందు డబ్బు కట్టేసి తరువాత బిల్లు పెట్టుకుందాం అనుకుంటే కుదరదు, ఇవి నగదు లేకుండా చేసే పథకాలు. డిపాజిట్ అడిగితే అక్కడ నిలబడే 14555కి, రాష్ట్ర పథకమైతే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇంటికొచ్చాక చేసే ఫిర్యాదుకు అంత బలం ఉండదు.

ఇక ఈఎస్ఐ రానివాళ్ల నెలవారీ మాత్రలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు మందులు ఉచితంగా ఇవ్వాలి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మామూలుగా ఉండాల్సిన మందులే. సమస్య స్టాకు. "మందులు దొరకడం లేదు" అని రాస్తే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) "సరఫరా ఉంది" అని జవాబిస్తారు. ఏ కేంద్రంలో, ఏ తేదీన, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములది లేదన్నారో సభ్యులందరి చేత ఒక నోటుబుక్కులో రాయించండి. ఒక నెల పట్టికను డీఎంహెచ్‌ఓకు ఇవ్వండి. 7 రోజులకు కాకుండా 30 రోజులకు మందులు ఇవ్వాలని కూడా అందులోనే అడగండి, ముసలివాళ్లు వారం వారం ఆటో ఎక్కి రాలేరు. ఇది జిల్లా స్థాయిలో తేలే పని. కలెక్టర్‌కు ఇచ్చే కాగితంలో ఉండాల్సింది ఇదే, పింఛను పెంపు కాదు.

నూలుమిల్లు పింఛనుదారు

చాలా సంతోషం అండీ. రూల్ 61 సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఇంకో మూడు సందేహాలు. మిల్లు మూతపడి యాజమాన్యం సంతకం పెట్టేవాళ్లే లేకపోతే ఎలా? లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్రలు పడటం లేదు, బట్టల నూలుతో పనిచేసిన చేతులు, గీతలే అరిగిపోయాయి. భర్త పీపీఓలో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే ఏం చేయాలి? ఇంకా, ఇవన్నీ పక్కనపెట్టి నేరుగా హైకోర్టుకు వెళ్దామని మావాళ్లలో కొందరు అంటున్నారు.

పీఎఫ్ కాగితాలు

మూతపడిన సంస్థల విషయంలో క్లెయిము ఫారాల మీద ఇతర అధీకృత అధికారులు ధ్రువీకరించవచ్చు. గెజిటెడ్ అధికారి, ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు, పోస్ట్‌మాస్టర్, ఎంపీ, ఎమ్మెల్యే లాంటివారు ఆ జాబితాలో ఉన్నారు. బ్యాంకు మేనేజరు సంతకం తేలిక, ఆఫీసులో ప్రశ్నలూ తక్కువ. దానితో పాటు పాత జీతం స్లిప్పు, గుర్తింపు కార్డు, పీఎఫ్ వార్షిక స్లిప్పుల్లో ఏది ఉంటే అది జతచేయండి. మిల్లు మూసిన తేదీ రుజువు కూడా పెట్టండి, లేకపోతే "యాజమాన్యం ద్వారా పంపండి" అని తిప్పి పంపుతారు.

వేలిముద్రలు పడకపోతే ముఖ గుర్తింపుతో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్, జీవన్ ప్రమాణ్ యాప్ రెండూ వేసుకోవాలి. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, రెప్ప వాల్చమనండి. కిటికీ వీపు వెనక ఉంటే పదిసార్లు చేసినా ఫెయిల్ అవుతుంది. శాంక్షనింగ్ అథారిటీ (పింఛను మంజూరు చేసినవారు) దగ్గర ఈపీఎఫ్ఓ (పీఎఫ్ సంస్థ) ఎంచుకోకుండా వేరేది నొక్కితే సర్టిఫికెట్ తయారవుతుంది కానీ పీఎఫ్ ఆఫీసుకు చేరదు. ప్రమాణ్ ఐడీ మెసేజి వచ్చింది కదా అని వదిలేయకుండా, కొన్నాళ్లకు అంగీకరించారో తిరస్కరించారో పోర్టల్లో చూడాలి. పీపీఓ నంబరులో ఒక్క అంకె తప్పినా తిరస్కరిస్తారు. ఈపీఎస్ వారికి నవంబరులోనే ఇవ్వాలన్న నియమం లేదు, ఎప్పుడిచ్చినా అప్పటినుంచి ఏడాది చెల్లుతుంది. అందరూ నవంబరులో ఎగబడకుండా, సంఘం నెలకు కొంతమంది చొప్పున పంచుకుంటే హాయి.

భార్య పేరు తేడాను పింఛనుదారు బతికుండగానే సరిచేయించాలి. ఆయన స్వయంగా సంతకం పెట్టి, ఇద్దరి ఉమ్మడి ఫొటో, ఆధార్, రేషన్ కార్డు లేదా పెళ్లి ధ్రువపత్రం ఇస్తే చిన్న పని. ఆయన పోయాక అదే పనికి ఆమె ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పోయిన తరువాత ఆమె 10డి ఫారం (పింఛను క్లెయిము దరఖాస్తు), మరణ ధ్రువపత్రం, పీపీఓ, తన పేరునే ఉన్న బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. వచ్చేది భర్త పింఛనులో సగం, కనీసం వెయ్యి. 25 ఏళ్ల లోపు పిల్లలుంటే ఇద్దరికి వేరుగా పింఛను ఉంటుంది. శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకైతే వయసు పరిమితి లేదు, ఇది చాలా ఇళ్లలో అడగకుండానే వదిలేస్తారు. చనిపోయిన సంగతి దాచి ఏటీఎంలో డబ్బు తీసుకుంటూ పోతే అది తరువాత రికవరీగా వచ్చి ఆమె పింఛను మీదే పడుతుంది.

2025 జనవరి నుంచి కేంద్రీకృత చెల్లింపు వ్యవస్థ వచ్చింది కాబట్టి ఏ బ్యాంకు, ఏ బ్రాంచి నుంచైనా పింఛను తీసుకోవచ్చు. కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్లినవారు పీపీఓ బదిలీ కోసం తిరగనక్కర్లేదు.

హైకోర్టు ఆలోచన ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. కనీస పింఛను ఎంత ఉండాలన్నది ప్రభుత్వ విధానం, దాని మీద రిట్ వేస్తే ఏళ్లు పట్టి "వినతిని పరిశీలించండి" అనే ఉత్తర్వుతో తిరిగి మొదటికే రావచ్చు. కమ్యుటేషన్ పునరుద్ధరించకపోవడం, సర్వీసు కలపకపోవడం లాంటివి మాత్రం సేవా లోపాలు. పీఎఫ్ సభ్యుడు వినియోగదారుడేనని శివకుమార్ జోషి కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు లేకుండానూ వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. ముందుగా అర్జీ, దాని రసీదు, జవాబు లేకపోవడం ఈ మూడింటికీ కాగితం ఉండాలి.

సమాచార హక్కు

పెద్ద డిమాండు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

నిర్ణయం జరిగే చోటు కేంద్ర కార్మిక మంత్రి అధ్యక్షతన ఉండే సెంట్రల్ బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్ (పీఎఫ్ సంస్థ పాలక మండలి), ఆపైన కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్, డబ్బు దగ్గర ఆర్థిక శాఖ. బోర్డులో కార్మిక సంఘాల ప్రతినిధులూ ఉంటారు. మీ సంఘం ఏ కేంద్ర కార్మిక సంఘానికి దగ్గరగా ఉంటే వారి ప్రతినిధికి అంకెలు అందించడం, ఎంపీ చేత పార్లమెంటులో ప్రశ్న వేయించడం, ఈ రెండే నేరుగా చేరే దారులు.

ప్రభుత్వం ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటే: ఇది అందరి చందాలూ ఒకే నిధిలో కలిసే పథకం, 32వ పేరా ప్రకారం ఏటా జరిగే వాల్యుయేషన్‌లో లోటు కనిపిస్తోంది, కాబట్టి పెంచలేం. యాజమాన్యం వాటా 8.33 శాతం, ప్రభుత్వ వాటా 1.16 శాతం, అదీ 15,000 జీతం మేరకే. కాబట్టి "7,500 ఇవ్వండి" అని ఆగిపోకుండా, బడ్జెట్ నుంచి ఇవ్వాలని అడగాలి. ఇప్పటి 1,000 కూడా బడ్జెట్ సాయంతోనే ఇస్తున్నారు కనుక ఇది కొత్త సూత్రం కాదు. 2013లోనే భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కనీసం 3,000 ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ తరువాత ఏడాది వచ్చింది 1,000.

నాకు అన్నిటికన్నా బలంగా అనిపించే పోలిక ఒకటుంది. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) లేని ప్రాంతాల్లో ఉండే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకు పింఛను కాకుండా, ఒక్క వైద్య భత్యంగానే 2017 జులై నుంచి నెలకు రూ.1,000 ఇస్తున్నారు. ఈపీఎస్ కార్మికుడికి కనీస పింఛను మొత్తం అంతే. చందా కట్టనవసరం లేని సామాజిక పింఛనైనా తెలంగాణలో 2019 నుంచి 2,016, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000. ఆ పింఛన్లు ఎక్కువయ్యాయని అనకండి, పేదవాడి మీద పేదవాణ్ని నిలబెట్టినట్టవుతుంది. జీవితమంతా చందా కట్టినవాడికి దానికన్నా తగ్గడం ఏమిటని మాత్రమే అడగండి.

ఎంపీ దగ్గరికి వెళ్లేముందు మీ జిల్లా అంకెలు చేతిలో ఉండాలి. ప్రాంతీయ పీఎఫ్ ఆఫీసు సీపీఐఓకు (సమాచార అధికారికి) సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు. అడగాల్సినవి: మార్చి 31 నాటికి ఈ జిల్లాలో ఈపీఎస్ పింఛనుదారులు ఎందరు, వారిలో 1,000 లోపు, 1,001 నుంచి 2,000, 2,001 నుంచి 3,000, ఆపైన పొందుతున్నవారు ఎందరెందరు, లైఫ్ సర్టిఫికెట్ లేక ఆగిన పింఛన్లు ఎన్ని, 20 రోజులు దాటి పెండింగులో ఉన్న 10డి క్లెయిములు ఎన్ని, కమ్యుటేషన్ 15 ఏళ్లు నిండిన కేసులు ఎన్ని, పునరుద్ధరించినవి ఎన్ని. "ఎందుకు పునరుద్ధరించలేదు" అని అడగొద్దు. ఆ చట్టం కింద రికార్డులో ఉన్నది ఇస్తారు, కారణాలు రాసి ఇవ్వరు. పేర్లు, ఒక్కొక్కరి పింఛను వివరాలు అడిగినా వ్యక్తిగత సమాచారమని నిరాకరిస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

జవాబు వచ్చాక ఎంపీకి ఒకే ఒక్క పేజీ ఇవ్వండి. పైన నియోజకవర్గంలో వెయ్యికి అటూఇటూ బతుకుతున్నవారి సంఖ్య, దాని కింద మీరు అడిగించదలచుకున్న ప్రశ్న సిద్ధంగా రాసి ఉండాలి. నక్షత్రం లేని ప్రశ్నే అడగమనండి. దానికి రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు, రికార్డులో నిలిచిపోతుంది, తరువాత ఆ జవాబునే పట్టుకుని మళ్లీ అడగవచ్చు. ప్రశ్నలో "కనీస పింఛను పెంచే ప్రతిపాదన ఉందా" అన్నది ఒక్కటే ఉంటే "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. కనీస పింఛనును 2,000, 3,000, 5,000, 7,500 చేస్తే ఏటా అదనంగా ఎంత బడ్జెట్ సాయం కావాలో ఒక్కో మొత్తానికి విడిగా అంచనా వేశారా, వేస్తే ఆ అంకెలేమిటి అని అడిగించండి. ఈఎస్ఐ 61వ రూల్ వైద్యాన్ని 10 రూపాయల చందాతో ఈపీఎస్ పింఛనుదారులందరికీ వర్తింపజేసే ప్రతిపాదన ఉందా అన్నది రెండో భాగంగా పెట్టండి.

పార్లమెంటు సమావేశాలు మొదలయ్యే తేదీ చూసుకుని ఆ పేజీని కనీసం నెల ముందే ఇవ్వండి. ప్రశ్నలకు 15 రోజుల ముందస్తు నోటీసు కావాలి, పైగా లాటరీలో రావాలి. ఒక్క ఎంపీకే ఇచ్చి కూర్చోకుండా పక్క జిల్లాల సంఘాలతో మాట్లాడుకుని, అదే ప్రశ్నను లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు ముగ్గురు నలుగురికి ఇవ్వండి.